ఎక్కడేముందో చెప్పే ఉమ్మడి లెక్క

2021 డిసెంబరు రెండో వారంలో ప్రపంచంలోని ఐటీ విభాగాలకు ఒకే ప్రశ్న నిద్ర లేకుండా చేసింది: ‘లాగ్‌ఫోర్‌జే మన దగ్గర ఎక్కడెక్కడుంది?’ జావా భాషలో రాసిన ప్రోగ్రాములు తాము చేసిన పనిని ఎప్పటికప్పుడు చిట్టాగా రాసుకోవడానికి వాడే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది. దానిలో ఘోరమైన లోపం ఒకటి బయటపడింది. బయటివాళ్లెవరైనా ఒక ప్రత్యేకమైన వాక్యం ఆ చిట్టాలో పడేలా పంపితే చాలు, ఆ కంప్యూటర్ వాళ్ల చేతికి చిక్కే ప్రమాదం ఉంది. అలీబాబా క్లౌడ్ భద్రతా బృందం నవంబరు 24నే ఈ సంగతి దాన్ని నిర్వహించే అపాచీ ఫౌండేషన్‌కు తెలియజేసింది. డిసెంబరు 9 నాటికి అది లోకమంతా పాకింది. ఇలాంటి లోపాల తీవ్రతను పదికి ఇన్ని అని కొలుస్తారు. దీనికి పదికి పదీ పడ్డాయి.

సరిచేసిన వెర్షన్లు వెంటవెంటనే వచ్చాయి. వాటిని ఎక్కడ ఎక్కించాలో తెలియకపోవడమే అసలు చిక్కు. సంస్థ సొంతంగా రాయించుకున్న ప్రోగ్రాములో అది ఉండొచ్చు. ఎప్పుడో కొన్న ప్యాకేజీ లోపల ఉండొచ్చు. ఆ ప్యాకేజీ వాడుకుంటున్న మరో ప్యాకేజీ అడుగున ఉండొచ్చు. అమెరికా ప్రభుత్వం నియమించిన సైబర్ సేఫ్టీ రివ్యూ బోర్డు 2022 జులైలో నివేదిక ఇస్తూ, కేబినెట్ స్థాయి శాఖ ఒక్కటే ఈ లోపాన్ని ఎదుర్కొనే పనికి 33,000 గంటలు వెచ్చించినట్టు చెప్పిందని రాసింది.

తమ దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఉందో, అది దేని మీద నడుస్తోందో, దాని బాధ్యత ఎవరిదో ముందే రాసిపెట్టుకున్న చోట వెతుకులాట ఒక జాబితాతో మొదలవుతుంది. అలా రాసిపెట్టుకోని చోట ఫోన్లతో మొదలవుతుంది. ‘ఆ సిస్టమ్ ఎవరు చూస్తారు?’ ‘ఆయన రెండేళ్ల కిందటే మానేశారు.’ ఇలాంటి సంభాషణ విననివాళ్లు ఐటీ రంగంలో అరుదు.

పెద్ద సంస్థలో ఈ లెక్కంతా రాసి, దాన్ని బట్టి రేపటి నిర్మాణాన్ని ఆలోచించే పనినే ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అంటారు. మీసేవ కౌంటర్‌లో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టినవాళ్ల చేతికి వచ్చేది ఒక రసీదు. దాని వెనక రెవెన్యూ శాఖ పని పద్ధతి ఉంది. ఆ పద్ధతిని నడిపే అప్లికేషన్, అది చదివే డేటా, అది నడిచే సర్వర్, చివర సంతకం పెట్టే అధికారి కూడా ఉన్నారు. వీటిలో ఒకదాన్ని కదిలిస్తే ఇంకేవి కదులుతాయన్నది ఎవరో ఒకరు తెలుసుకుని ఉండాలి. ఐబీఎంలో పనిచేసిన జాన్ జాక్‌మన్ 1987లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో రాసిన వ్యాసంతో ఈ ఆలోచనకు ఒక రూపం వచ్చింది. ఒకే వ్యవస్థ దాని యజమానికి ఒకలా, రూపకర్తకు ఒకలా, కట్టేవాడికి మరోలా కనిపిస్తుందని, ఆ చూపులన్నిటికీ చోటిచ్చే పట్టిక ఒకటి కావాలని ఆయన అన్నారు. అమెరికా 1996లో చేసిన క్లింగర్-కోహెన్ చట్టం ఒక అడుగు ముందుకేసి, ప్రభుత్వ శాఖల ముఖ్య సమాచార అధికారులు ఇలాంటి నిర్మాణ పటాన్ని తయారుచేసి నిలబెట్టాలని నిర్దేశించింది.

పటాలు గీయడం వరకూ ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు. గీసిన పటం ఎక్కడ ఉంటుందన్నదే ప్రశ్న. ఒకరి ల్యాప్‌టాప్‌లో పవర్‌పాయింట్‌గా, ఇంకొకరి దగ్గర ఎక్సెల్ షీటుగా, కన్సల్టెంట్లు ఇచ్చి వెళ్లిన పీడీఎఫ్‌గా చెల్లాచెదరుగా పడి ఉంటుంది. రెండు ప్రాజెక్టులు ఒకే కస్టమర్ డేటాబేస్‌ను రెండు పేర్లతో, రెండు రకాలుగా గీసుకుంటాయి. అందరూ ఒకే చోట రాసి, ఒకే చోట చదివే ఉమ్మడి రిపోజిటరీ అవసరం ఇక్కడే పుట్టింది.

1995లో మొదలై, ది ఓపెన్ గ్రూప్ అనే అంతర్జాతీయ సంస్థ వెలువరిస్తున్న టోగాఫ్ ఈ రంగంలో ఎక్కువమంది చదివే మార్గదర్శకం. రిపోజిటరీలో ఏమేం ఉండాలో అది భాగాలుగా విడదీసి చెబుతుంది. సంస్థలో ఇప్పుడున్నదీ రేపు ఉండబోయేదీ చూపే చిత్రం ఒక భాగం. పాటించాల్సిన ప్రమాణాలు ఒక భాగం. మళ్లీ మళ్లీ వాడుకోదగ్గ నమూనాలు ఇంకొకటి. తీసుకున్న నిర్ణయాల చిట్టా మరొకటి. అన్నిటికీ కింద, ఈ రాతలన్నీ ఏ వ్యాకరణంలో ఉండాలో చెప్పే మెటామోడల్ ఉంటుంది. పుస్తకంలో ఇవన్నీ సమాన ప్రాధాన్యంతో కనిపిస్తాయి కానీ పనిలోకి దిగాక అలా ఉండదు. మెటామోడల్ దగ్గరే ఎక్కువ వాదన జరుగుతుంది. నిర్ణయాల చిట్టా దగ్గరే ఎక్కువ నిర్లక్ష్యం జరుగుతుంది.

వాదన ఎందుకో చూద్దాం. ఒక బ్యాంకును ఊహించుకోండి. నెట్ బ్యాంకింగ్‌ను అది నడిపే విభాగం ఒకే అప్లికేషన్‌గా లెక్కవేస్తుంది. సర్వర్లు చూసే బృందానికి దాని వెనక నడిచే పన్నెండు సర్వీసులు పన్నెండు అప్లికేషన్లు. కొనుగోళ్ల విభాగం లైసెన్సులను బట్టి నాలుగంటుంది. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. అయినా బోర్డు సమావేశంలో ‘మన దగ్గర ఎన్ని అప్లికేషన్లున్నాయి?’ అని ఛైర్మన్ అడిగితే మూడు అంకెలు వస్తాయి. ఆ రోజు నుంచి రిపోజిటరీ మీద ఎవరికీ నమ్మకం ఉండదు. అందుకే దేన్ని అప్లికేషన్‌గా లెక్కించాలి, దేన్ని దాని భాగంగా చూడాలి, ఏ లంకెను ఏ గీతతో చూపాలి అన్నవి ముందే కూర్చుని తేల్చుకోవాలి. ఈ గీతల భాషనూ ప్రతి సంస్థ సొంతంగా కనిపెట్టుకోనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో 2002లో మొదలైన పరిశోధన ప్రాజెక్టు నుంచి ఆర్కిమేట్ అనే చిత్రలిపి వచ్చింది. 2009లో ది ఓపెన్ గ్రూప్ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. ఆ లిపి నేర్చినవాళ్లు దానిలో ఏ సంస్థ గీసిన పటాన్నయినా చదవగలరు.

ఇక్కడే ఇంకో ఆశ పుడుతుంది. ఎలాగూ రాస్తున్నాం కదా అని ప్రతి అప్లికేషన్ గురించి అరవై వివరాలు అడిగే ఫారం తయారుచేస్తారు. నింపేవాళ్లు మొదటి పది నింపి, మిగతా వాటిలో ‘వర్తించదు’ అని కొట్టేస్తారు. దేనికి ఉపయోగపడుతుందో చెప్పలేని గడిని అసలు పెట్టకపోవడమే మంచిది. పేరు, అది చేసే పని, బాధ్యుల హోదా, ఏ డేటా తాకుతుంది, దేనితో మాట్లాడుతుంది, దేని మీద నడుస్తుంది, ఎప్పటికి ముగించాలనుకుంటున్నారు, చివరిసారి ఎప్పుడు సరిచూశారు. ఇవి నిజాయితీగా నిండితే లాగ్‌ఫోర్‌జే లాంటి రోజున ఎవరికి ముందు ఫోన్ చేయాలో తేలుతుంది.

నిండిన వివరం నిలవడం ఇంకా కష్టం. తెలుగు ఊళ్లలో ఎన్నో భూమి తగాదాల మూలం అందరికీ తెలిసిందే. పొలం చేతులు మారుతుంది, అడంగల్‌లో పేరు మారదు. తాతల నాటి పేరే కాగితంలో ఉండిపోతుంది. రిపోజిటరీలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. ప్రాజెక్టు మొదట్లో శ్రద్ధగా గీస్తారు. ఏడాది తిరిగేసరికి సిస్టమ్ మారిపోతుంది, పటం అలాగే ఉంటుంది. తెలంగాణ 2020లో సాగు భూముల రిజిస్ట్రేషన్‌నూ పేరు మార్పిడినీ తహసీల్దారు కార్యాలయంలో ఒకే దఫాలో జరిగేలా ముడిపెట్టింది. దీనికోసం తెచ్చిన పోర్టల్ చుట్టూ రేగిన వివాదాలు వేరే సంగతి. లావాదేవీ జరిగినప్పుడే రికార్డు కూడా మారాలన్న సూత్రం మాత్రం రిపోజిటరీ నడిపేవాళ్లకు నేరుగా పనికొస్తుంది.

అంటే, రాయమని బతిమాలే పద్ధతి వదిలేయాలి. రిపోజిటరీలో నమోదు కాని అప్లికేషన్‌కు కొనుగోలు ఆర్డరు రాకూడదు. నమోదు తాజాగా లేని మార్పు లైవ్‌కు వెళ్లకూడదు. బాధ్యులుగా ఫలానా వ్యక్తి పేరుకు బదులు ఫలానా హోదా రాసి, ఆ హోదాలోకి కొత్తవాళ్లు వచ్చిన రోజే వాళ్లకు తమ జాబితా చేరేలా చూడాలి. ఏ సర్వర్ మీద ఏం నడుస్తోందో కనిపెట్టే పరికరాలు చాలానే ఉన్నాయి కాబట్టి ఆ భాగాన్ని యంత్రాలకే వదిలేయవచ్చు. అయితే ఆ సర్వర్ ఆగితే పింఛన్ల పంపిణీ ఆగుతుందా, క్యాంటీన్ మెనూ ఆగుతుందా అన్నది యంత్రం చెప్పలేదు. దాన్ని మనిషే రాయాలి. ఆర్నెల్లకోసారైనా బాధ్యులు తమ వరుసలు చూసి ‘ఇప్పటికీ ఇది నిజమే’ అని ఒప్పుకోవాలి. అలా ఒప్పుకోని వరుస తెరమీద ఎర్రగా కనబడాలి.

ఉమ్మడి అన్నాక ఎవరు ఏం మార్చవచ్చో తేల్చాలి. అందరికీ అన్ని హక్కులూ ఇస్తే, ఒక బృందం రేపటి ప్రణాళికగా గీసినదాన్ని ఇంకో బృందం నేటి వాస్తవంగా చదివేస్తుంది. అన్నీ ఒక కేంద్ర బృందం చేతుల్లో పెడితే, ప్రతి చిన్న మార్పూ వాళ్ల ముందు క్యూ కడుతుంది, విసిగినవాళ్లు మళ్లీ పవర్‌పాయింట్‌కు వెళ్లిపోతారు. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఈ చిక్కును ఎప్పుడో దాటారు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరికివారు తమ శాఖ (బ్రాంచ్)లో రాసుకుంటారు. తర్వాత సాధారణంగా మరొకరు చూసి ఒప్పుకున్నాకే అది మూలంలో కలుస్తుంది. ఏ రోజు, ఎవరు, ఏం మార్చారో చరిత్రంతా నిలిచి ఉంటుంది. ఇదే పద్ధతి పటాలకూ వచ్చింది. ఆర్కిమేట్ పటాలు గీయడానికి ఉచితంగా దొరికే ఆర్కి అనే పరికరానికి కోఆర్కి అనే అనుబంధం ఉంది. అది పటాల నమూనాను గిట్‌లో పెట్టి పలువురు కలిసి పనిచేయనిస్తుంది. చిత్తుప్రతి, పరిశీలనలో ఉన్నది, ఆమోదం పొందినది, విరమించినది అన్న నాలుగు స్థితులు ప్రతి వస్తువు మీదా స్పష్టంగా కనిపిస్తే సగం గొడవలు తగ్గుతాయి.

ఆ నాలుగో స్థితి విలువ ఎంతో నైట్ క్యాపిటల్ ఉదంతం చెబుతుంది. అమెరికా స్టాక్ మార్కెట్లో పెద్ద ట్రేడింగ్ సంస్థ అది. 2012 జులై చివర్లో కొత్త ప్రోగ్రాము ఎక్కించే పనిలో సాంకేతిక నిపుణుడు ఒకరు ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కించారు. ఎనిమిదో దానిలో ‘పవర్ పెగ్’ అనే పాత కోడ్ ఇంకా ఉంది. 2003లోనే వాడటం మానేసినా దాన్ని తీసేయలేదు. పైగా ఆ పాత కోడ్‌ను నిద్రలేపే సంకేతాన్నే కొత్త ప్రోగ్రాముకూ వాడుకున్నారు. ఆగస్టు 1న మార్కెట్ తెరుచుకోగానే ఎనిమిదో సర్వర్ ఆపకుండా ఆర్డర్లు కురిపించింది. 45 నిమిషాల్లో సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2013లో కోటీ 20 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కోడ్ ఎక్కించే పనిని రెండో వ్యక్తి సరిచూడాలన్న రాతపూర్వక నియమమే నైట్‌లో లేదని తన ఉత్తర్వులో ఎత్తి చూపింది. ఆ తర్వాత నైట్ స్వతంత్ర సంస్థగా మిగల్లేదు. ‘వాడటం మానేశాం’ అనడానికీ ‘విరమించాం’ అనడానికీ మధ్య తొమ్మిదేళ్ల పాటు ఎవరూ పట్టించుకోని ఖాళీ అది.

ఇక నిర్ణయాల చిట్టా. ఆర్కిటెక్చర్ బోర్డు అనే పేరుతో చాలా సంస్థల్లో ఒక కమిటీ ఉంటుంది. కొత్త ప్రాజెక్టు ప్రమాణాలకు తగ్గట్టు ఉందా లేదా అని అది చూస్తుంది. ఒక్కోసారి ప్రాజెక్టు తొందరలో ప్రమాణం దాటడానికి అనుమతి అడుగుతారు, కమిటీ ఇస్తుంది. ఇవ్వడంలో తప్పేమీ లేదు. అలాంటి మినహాయింపుకు గడువు ఉండాలని టోగాఫ్ స్పష్టంగానే చెబుతుంది. ఆ గడువు రిపోజిటరీలో రాయకపోతే ఆర్నెల్ల కోసం ఇచ్చిన అనుమతి పదేళ్లు బతుకుతుంది. నిర్ణయంతో పాటు కారణమూ రాయాలి. సాఫ్ట్‌వేర్ నిపుణుడు మైకేల్ నైగార్డ్ 2011లో దీనికో తేలిక పద్ధతి సూచించారు. ఒక్కో నిర్ణయానికి ఒకటి రెండు పేజీలు: అప్పటి పరిస్థితి ఏమిటి, ఏం నిర్ణయించాం, దానివల్ల ఏం వస్తుంది. పాత నిర్ణయం మారితే దాన్ని చెరిపేయరు. కొత్తది రాసి, పాతదాని మీద ‘దీని బదులు ఫలానాది’ అని గుర్తు పెడతారు. ఐదేళ్ల తర్వాత చేరిన ఇంజనీరుకు ఆ రెండు పేజీలు ఏ పటమూ ఇవ్వలేని మేలు చేస్తాయి. ఎందుకిలా కట్టారో తెలియనివాళ్లు భయంతోనైనా ముట్టుకోరు, తెగించైనా పడగొడతారు. రెండూ నష్టమే.

డబ్బు పోసినంత మాత్రాన ఇవన్నీ కుదరవు. అమెరికా రక్షణ శాఖ తన కార్యాలయ వ్యవహారాల ఆర్కిటెక్చర్ మీద పదేళ్లకు పైగా శ్రమించి, కనీసం 37.9 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిందని ఆ దేశ ఆడిట్ సంస్థ జీఏఓ 2013లో లెక్క తేల్చింది. అయినా ఏ పెట్టుబడి పెట్టాలి, ఏది ఆపాలి అన్న నిర్ణయాలకు అది పెద్దగా ఉపయోగపడలేదని రాసింది. రాత ఒకచోట, బడ్జెట్ సంతకం మరోచోట ఉన్నప్పుడు జరిగేది ఇదే. అసలు పటమే లేకపోతే ఏమవుతుందో ఎఫ్‌బీఐ అనుభవం చూపింది. దానికి ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అవసరమని జీఏఓ 2003లోనే హెచ్చరించింది. కేసు ఫైళ్లను కంప్యూటర్‌లోకి తేవాలన్న ‘వర్చువల్ కేస్ ఫైల్’ ప్రాజెక్టును దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో వదిలేశారు.

తెలుగు నేల మీద కూడా ఇంత పెద్ద ప్రయత్నం జరిగింది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ-ప్రగతి పేరుతో మొత్తం ప్రభుత్వానికీ ఒకే ఆర్కిటెక్చర్ తలపెట్టింది. 33 శాఖలు, 315 సంస్థలను ఒకే చట్రంలో చూడాలన్నది ఆలోచన. ఒకే కుటుంబం వివరాలు రేషన్ కార్డుకు ఒకచోట, పింఛనుకు మరోచోట, విద్యార్థి ఉపకార వేతనానికి ఇంకోచోట విడివిడిగా రాయించుకునే అలవాటు పోవాలంటే ఏ వివరానికి ఏ శాఖ మూలమో ముందు తేల్చాలి. సాంకేతికత కన్నా ఇది ఎక్కువగా పరిపాలన ప్రశ్న. తన డేటాను పక్క శాఖ చదవడానికి ఏ శాఖా తేలిగ్గా ఒప్పుకోదు. బహుశా అందుకే దీని వెనక చట్టబలం ఉండాలని 2017లో డిజిటల్ డేటా అథారిటీ చట్టం కూడా చేశారు. ఈ పనిలో ముందున్న జె.సత్యనారాయణ అనుభవం తర్వాత దేశస్థాయికి వెళ్లింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2018లో విడుదల చేసిన ఇండియా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ చట్రం, ఇండీ, రూపకల్పనలో ఆయన పాత్ర ఉంది. ఇండీలోని ఎనిమిది నమూనాల్లో డేటా, అప్లికేషన్, భద్రత లాంటి వాటితో పాటు పరిపాలనకూ విడిగా ఒక నమూనా ఉండటం గమనించదగ్గది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఏ సర్వర్ దేనితో మాట్లాడుతుందో, ఏ పాత వెర్షన్ ఎక్కడ మిగిలిందో ఒకే చోట రాసి ఉన్న రిపోజిటరీ దొంగల చేతిలో పడితే సంస్థ గుట్టంతా వాళ్లకు దొరికినట్టే. ఏ పని ఏ అప్లికేషన్‌తో నడుస్తుందన్న పైస్థాయి చిత్రం ఉద్యోగులందరికీ తెరిచి ఉంచవచ్చు. నెట్‌వర్క్ చిరునామాలు, బలహీనతలు, మినహాయింపుల జాబితా మాత్రం అవసరమున్నవాళ్లకే కనబడాలి. ఎవరు ఏం చూశారో నమోదవాలి. భయపడి మొత్తం తాళం వేస్తే ఎవరూ వాడరు, వాడనిదాన్ని ఎవరూ సరిదిద్దరు.

ప్రభుత్వాల సంగతి అలా ఉంచితే, ఇలాంటి లెక్క రాసుకోవడం ఇన్నాళ్లూ చాలావరకు సంస్థల సొంత క్రమశిక్షణకు సంబంధించిన విషయంగానే ఉంది. ఆర్థికరంగంలో ఆ పరిస్థితి మారుతోంది. ఐరోపా యూనియన్ తెచ్చిన డోరా నిబంధనలు 2025 జనవరి 17 నుంచి అమలవుతున్నాయి. వాటి ప్రకారం బ్యాంకులు, బీమా సంస్థలు తాము బయటి నుంచి తీసుకుంటున్న ఐటీ సేవలన్నిటికీ ఒక రిజిస్టరు నిర్వహించాలి. ఏ సేవ ఏ ముఖ్యమైన పనికి ఆధారమో, ఆ సేవ ఇచ్చేవాళ్లు మళ్లీ ఎవరి మీద ఆధారపడుతున్నారో అందులో చూపాలి. సొంత గ్రూపులోని మరో కంపెనీ ఇచ్చే సేవ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఐరోపా బ్యాంకుకు హైదరాబాద్‌లో సొంత టెక్నాలజీ కేంద్రం ఉంటే, అది అందించే సేవలూ ఆ రిజిస్టరులో వరుసలవుతాయి. అప్లికేషన్లనూ బాధ్యులనూ ముందే లంకె వేసి పెట్టుకున్న బ్యాంకులు వాటిలో చాలా గడులను తమ రిపోజిటరీ నుంచే నింపుకోగలవు. మిగతావాళ్లు ఒక్కో విభాగానికీ మెయిళ్లు పంపి, ఒక్కో ఒప్పందమూ తెరిచి చదివి నింపుకోవాలి. ఆ పని ఏటా మళ్లీ చేయాలి.